పెట్టె అడుగున ఫొటో

తెనాలి నుంచి ఒక సోదరి ఉత్తరం వ్రాశారు. పేరు వెయ్యవద్దన్నారు కనుక వెయ్యడం లేదు. అమ్మమ్మగారు పోయిన తర్వాత ట్రంకుపెట్టె సర్దుతూంటే అడుగున ఒక ఫొటో దొరికిందట. కిరీటం, భుజకీర్తులు, చేతిలో పూలదండ, రుక్మిణో, సత్యభామో. ముఖం మాత్రం సందేహం లేకుండా అమ్మమ్మదే. కాని వెనక సిరాతో వ్రాసిన పేరు అమ్మమ్మది కాదు! అమ్మని అడిగితే, "పెళ్ళికి ముందు ఏదో కంపెనీలో వేషాలు వేసేదిట. ఇంట్లో పెళ్ళికెదిగిన పిల్ల ఉంది, ఇప్పుడీ తవ్వకాలు నీకెందుకే?" అని కసిరి, ఫొటో మళ్ళీ పెట్టెలో పడేసిందట. అమ్మమ్మ చెల్లెలు ఒకావిడ గుడివాడలో ఉన్నారు. ఎనభై ఆరేళ్ళు. "ఎక్కడ మొదలుపెట్టను?" అని ఈ సోదరి అడుగుతున్నారు.

కరణంగారి వంశవృక్షం వెతకడమయితే ఇంత చిక్కు లేదు. ఆయనకు ఊరుంది, భూమి ఉంది, దస్తావేజులున్నాయి. నాటకాలవాళ్ళకు మకాం ఎక్కడ పడితే అక్కడే పురుడు. పేరు కూడా నిలకడగా ఉండదు.

సురభి వారినే చూడండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావుగారు "కీచక వధ"తో నాటకాలు మొదలుపెట్టారు. అంతకు ముందు వాళ్ళవి తోలుబొమ్మలాట కుటుంబాలు. ఇంట్లో భాష మరాఠీ. వనారస, రేకందార్, సింధే, ఆవేటి – ఇవీ వాళ్ళ ఇంటిపేర్లు. లోకం మాత్రం అందరినీ "సురభి వాళ్ళు" అనే అంది. ఊరిపేరే ఇంటిపేరయి కూర్చుంది. పైగా ఒక సమాజం పిల్లలు పెట్టి ఎన్నో సమాజాలయింది. అందుచేత పాత కరపత్రంలో "సురభి ఫలానా బాయి" అని కనపడగానే, మావాళ్ళే అని గంతులు వెయ్యకూడదు.

(ఇంకో ఇంటివారయితే, ఆ సత్యభామ తాతగారు కాదు కదా అని కూడా చూసుకోమనేదాన్ని. మీ తెనాలి రామవిలాస సభలో స్థానం నరసింహారావుగారు సత్యభామ వేస్తే, ఆడవాళ్ళే ముక్కున వేలేసుకునేవారట!)

ఇంట్లో చెప్పుకునే కథలను కథలుగానే వ్రాసుకోండి. సురభి కమలాబాయిగారి తల్లి వేషంలో ఉండగానే నొప్పులు వచ్చి, ఆమె రంగస్థలం మీదే పుట్టిందని చెప్పుకుంటారు. ఎంత ముచ్చటయిన కథ! అది నోటి మాట అని పక్కన చిన్న గుర్తు పెట్టుకుంటే చాలు. ఆ కమలాబాయిగారే లీలావతిగా నటించిన "భక్త ప్రహ్లాద" తెలుగులో తొలి టాకీ. అది 1931 సెప్టెంబరు 15న విడుదలయిందని దశాబ్దాల తరబడి అందరూ నమ్మారు, వ్రాశారు, ఉత్సవాలు కూడా చేశారు. రెంటాల జయదేవగారు ఓపికగా పాత కాగితాలు తిరగవేస్తే, సెన్సారయినదే 1932 జనవరి 22న అనీ, బొంబాయిలో విడుదలయింది ఫిబ్రవరి 6న అనీ తేలింది. అంత పెద్ద సంగతికే అలా అయితే మన ఇళ్ళ సంగతి చెప్పేదేముంది?

కరపత్రం దొరికితే అదృష్టమే, కాని దానిమీద తరచు తేదీ, వారం ఉంటాయి, సంవత్సరం ఉండదు. కంగారు పడకండి. "ఫిబ్రవరి 6, శనివారం రాత్రి" అని ఉందనుకోండి. 1930కీ 1950కీ మధ్య ఆ తేదీ శనివారం పడినవి 1932, 1937, 1943 మాత్రమే. అమ్మమ్మగారి వయస్సు పక్కన పెట్టి చూస్తే రెండు ఎగిరిపోతాయి. ఆ ఏటి పత్రికల కోసం వేటపాలెం సారస్వత నికేతనానికో, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయానికో వెళ్ళవచ్చు.

కాని కాగితాలు ఇంకో ఏడాది ఆగుతాయి. ఎనభై ఆరేళ్ళ మనిషి ఆగరు. ముందు గుడివాడ వెళ్ళండి. "ఏ సంవత్సరం, చిన్నమ్మమ్మా?" అని మాత్రం అడగకండి. నాటకాల ఇంట్లో పెరిగినవాళ్ళకు వేషమే వయస్సు. "అక్క లోహితాస్యుడు వేసేటప్పుడు" అంటే చిన్నపిల్ల అన్నమాట. "చంద్రమతి కట్టిన ఏడు" అంటే ఎదిగిన పిల్ల. ఏ ఊళ్ళో మకాం, హార్మోనియం ఎవరు, ఆట అయ్యాక అర్ధరాత్రి ఏం తినేవాళ్ళు – ఇవి అడిగితే సంవత్సరాలు వాటంతట అవే బయట పడతాయి.

ఇక మీ అమ్మగారి కోపం. దాన్ని చాదస్తమని తీసిపారెయ్యకండి. ఆ రోజుల్లో ముందు వరస టిక్కెట్టు కొని చప్పట్లు కొట్టినవాళ్ళే, ఆ పిల్ల కోడలిగా వస్తుందంటే తలుపులు వేసుకునేవారు. కళావంతుల కుటుంబాల నుంచి వచ్చిన నటీమణులు కూడా ఎందరో ఉన్నారు. 1947లో మద్రాసులో దేవదాసీ చట్టం వచ్చింది; ఆ కాలంలో పాత పేర్లు వదులుకుని, సంసారాలు చేసుకుని, పిల్లలకు సయితం చెప్పకుండా వెళ్ళిపోయినవారున్నారు. మీ అమ్మమ్మగారు వారిలో ఒకరని నేననడం లేదు. ఫొటో వెనక ఉన్నది వేషానికి పెట్టిన పేరని మీరనుకుంటున్నారు కదా? అదే ఆమె అసలు పేరు కావచ్చు. మీరెరిగిన పేరు అత్తవారు పెట్టినది కావచ్చు. అప్పుడు మీకది వింత. మీ అమ్మగారికి మాత్రం తల్లి పేరే తనకు తెలియదన్న మాట.

అందుకని ఒక్కరూ వెళ్ళకండి. అమ్మగారిని బతిమాలి వెంట తీసుకుపొండి. ఏది తెలిసినా ఆవిడ ఒప్పుకోనిదే నలుగురిలో పెట్టనని మాట ఇవ్వండి, ఇచ్చి నిలబెట్టుకోండి. ఫొటో చిన్నమ్మమ్మగారి చేతిలో పెట్టి మీరు ఊరుకోండి. పద్యం ఎత్తుకుంటే ఫోనులో పట్టండి, మధ్యలో అడ్డురాకండి. ఆ వెనక పేరెవరిదని అడగవలసింది మీరు కాదు, మీ అమ్మగారు.