ఇనుప ఖనిజం జోలికి చైనా ఎందుకు పోలేదు?

రెండు అగ్రరాజ్యాల మధ్య నెగ్గుకు రావాలంటే మాట పొదుపు, మంతనాల నేర్పు ఉంటే చాలని దౌత్య పండితులు చెబుతుంటారు. ఆస్ట్రేలియా అనుభవం అలా చెప్పడం లేదు. ఆ దేశానికి రక్షణ అమెరికాతో, రాబడి చైనాతో. కొవిడ్ పుట్టుకపై స్వతంత్ర విచారణ జరగాలని 2020 ఏప్రిల్‌లో కాన్‌బెర్రా అడిగింది. మే నెలలోనే బీజింగ్ దాని బార్లీపై 80.5 శాతం సుంకం వేసింది. తరవాత వైన్‌పై సుంకం 218 శాతం దాకా పోయింది. బొగ్గు ఓడలు చైనా రేవుల బయట నెలల తరబడి లంగరేసుకుని ఉండిపోయాయి. ఇనుప ఖనిజం జోలికి మాత్రం ఎవరూ పోలేదు. చైనా దిగుమతి చేసుకునే ఖనిజంలో దాదాపు 60 శాతం ఆస్ట్రేలియాదే. 2019 జనవరిలో వాలె కంపెనీ గని వ్యర్థాల ఆనకట్ట తెగిన దెబ్బ నుంచి మరో పెద్ద సరఫరాదారైన బ్రెజిల్ అప్పటికింకా తేరుకోలేదు. 2021 మే నాటికి టన్ను ధర 200 డాలర్లు దాటింది. శిక్ష వేసినవాడే శిక్ష పడినవాడి బొక్కసం నింపాడన్నమాట.

మిగతా సరుకుల గతి ఒక్కలా లేదు. బార్లీకి సౌదీ అరేబియాలో గిరాకీ దొరికింది. బొగ్గు జపాన్, కొరియా, భారత్ దారి పట్టింది. విశాఖ ఉక్కు సహా మన కర్మాగారాలు ఆస్ట్రేలియా కోకింగ్ బొగ్గుకు పాత ఖాతాదారులే. చైనాలోనేమో 2021లో బొగ్గు కొరతతో కరెంటు కోతలు వచ్చాయి. చైనా మార్కెట్టునే నమ్ముకున్న ఎర్ర వైన్‌కు అలాంటి దారి దొరకలేదు. కాబట్టి తేల్చింది స్నేహాలు కాదు, సరుకుకు మరో కొనుగోలుదారు ఉన్నాడా లేదా అన్నదే. అమెరికా అండ ఇక్కడ అక్కరకు రాలేదు సరికదా, 2020 జనవరి నాటి అమెరికా-చైనా వాణిజ్య ఒప్పందం పుణ్యమా అని అమెరికా గొడ్డు మాంసానికి అదే చైనాలో అమ్మకాలు పెరిగాయి. 2025లో ట్రంప్ ఆస్ట్రేలియానూ వదలకుండా 10 శాతం సుంకం వేశారు. ఆ దేశంతో వ్యాపారంలో మిగులు అమెరికాదే అయినా!

ఆస్ట్రేలియాలో 2022లో వచ్చిన ఆల్బనీజీ ప్రభుత్వం స్వరం తగ్గించాకే కదా ఆంక్షలు పోయాయని అడగవచ్చు. నిజమే, 2023 ఆగస్టులో బార్లీపై, 2024 మార్చిలో వైన్‌పై సుంకాలు ఎత్తేశారు. మెత్తని మాట బీజింగ్‌కు పరువు పోకుండా వెనక్కి తగ్గే వీలిచ్చింది. కానీ అమెరికా, బ్రిటన్‌లతో కుదిరిన ఆకస్ జలాంతర్గాముల ఒప్పందాన్ని ఆల్బనీజీ వదులుకోలేదు. అయినా సుంకాలు పోయాయంటే, అవి ఆశించిన ఫలితం ఇవ్వలేదనే అర్థం. ఇదంతా భూగర్భం ఇచ్చిన అదృష్టమన్న వాదన ఇంతకంటే బలమైనది. పశ్చిమ ఆస్ట్రేలియాలోని పిల్బరా ఇనుప గనుల్లాంటివి అందరికీ ఉండవు, బార్లీకి కొత్త గిరాకీ వెతుక్కోవడానికి మాత్రం గనులు అక్కర్లేదు. పైగా ఆ అదృష్టమూ శాశ్వతం కాదు: గినీలోని సిమాండూ గనుల్లో చైనా పెట్టుబడులున్నాయి, అక్కడి ఖనిజం ఇప్పుడు ఓడలెక్కుతోంది. అందుకే ఖనిజం మీద వచ్చే రాయల్టీల్లో కొంత ఇప్పుడే కొత్త మార్కెట్ల కోసం ఖర్చుపెట్టాలి. దేశమంతటి కోసం తీసుకున్న విదేశాంగ నిర్ణయానికి మూల్యం దక్షిణ ఆస్ట్రేలియాలోని రివర్‌ల్యాండ్ ద్రాక్ష రైతు చెల్లిస్తుంటే, లాభం పిల్బరా కంపెనీల వాటాదారులకు పోవడం ఏ లెక్కన చూసినా న్యాయం కాదు.