సైకిల్‌కు అందని అర్జున

అర్జున అవార్డు 1961లో మొదలైంది. ఇన్నేళ్లలో దాన్ని అందుకున్న సైక్లిస్టులను లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్లు చాలు. 1975లో అమర్ సింగ్‌కు, ఆ దశకం చివర్లో ఒడిశా అమ్మాయి మినతి మహాపాత్రకు, 1983లో ఎ.ఆర్. అరెత్నాకు ఆ గౌరవం దక్కింది. ఆ తర్వాత నాలుగు దశాబ్దాలుగా రాష్ట్రపతి భవన్‌లో సైక్లిస్టు పేరు వినిపించలేదు. 2024 సంవత్సరానికి అర్జున అందుకున్న 32 మందిలోనూ ఒక్క సైక్లిస్టు లేడు. ఈ నలభై ఏళ్లలో మనవాళ్లు ఏమీ సాధించలేదనుకుంటే అది మన అజ్ఞానం. సాధించినదాన్ని కొలిచే కొలబద్దలోనే లోపం ఉంది. దాన్ని మార్చాలి.

డెబోరా హెరాల్డ్‌ది కార్ నికోబార్. 2004 డిసెంబరు సునామీ వచ్చేనాటికి ఆమెకు తొమ్మిదేళ్లు. చెట్టు కొమ్మను పట్టుకుని ఐదు రోజులు ప్రాణాలు నిలుపుకున్న ఆ పాప, పదకొండేళ్ల తర్వాత 500 మీటర్ల టైమ్ ట్రయల్‌లో ప్రపంచ ర్యాంకింగుల్లో నాలుగో స్థానానికి చేరింది. సీనియర్ ప్రపంచ ట్రాక్ పోటీలకు అర్హత సాధించిన తొలి భారతీయ మహిళ ఆమే. ఆ నికోబార్ దీవుల నుంచే వచ్చిన ఎసో అల్బెన్ 2018లో స్విట్జర్లాండ్‌లోని ఎగ్ల్‌లో జరిగిన జూనియర్ ప్రపంచ పోటీల్లో కెయిరిన్ అనే ట్రాక్ పందెంలో రజతం గెలిచాడు. మరుసటి ఏడాది జర్మనీలో అతనితో మణిపూర్ కుర్రాళ్లు రోనాల్డో సింగ్, రోజిత్ సింగ్ కలిశారు. ఆస్ట్రేలియా, బ్రిటన్ వంటి దేశాలను వెనక్కి నెట్టి జూనియర్ టీమ్ స్ప్రింట్ స్వర్ణం తెచ్చారు. ఏ వయసు విభాగంలోనైనా సరే, సైక్లింగ్ ప్రపంచ పోటీల్లో మన దేశానికి అదే మొదటి స్వర్ణం. 2022లో ఢిల్లీలో జరిగిన ఆసియా ట్రాక్ పోటీల స్ప్రింట్‌లో రోనాల్డో రజతం అందుకున్నాడు. సీనియర్ల విభాగంలో అంతకుముందు మనకు ఆ స్థాయి పతకం లేదు.

టీమ్ స్ప్రింట్ ఎలా సాగుతుందో తెలిస్తే ఆ స్వర్ణం విలువ మరింత బోధపడుతుంది. ముగ్గురు ఒకరి వెనుక ఒకరు బయలుదేరతారు. ముందున్నవాడు గాలిని చీల్చుకుంటూ, వెనుక ఇద్దరికీ దారి చేస్తూ మొదటి చుట్టు తొక్కి పక్కకు తప్పుకుంటాడు. రెండో చుట్టు రెండోవాడిది. మూడో చుట్టు చివరివాడు ఒక్కడే పూర్తి చేస్తాడు. గడియారం ఆగేది అతని దగ్గరే. ఆ సైకిళ్లకు బ్రేకులుండవు, పెడల్ తిరగడం ఆపే వీలూ ఉండదు. గోడలా లేచిన మలుపుల మీద చక్రానికి చక్రం తగిలేంత దగ్గరగా వెళ్లాలి. సెకనులో వందో వంతు తేడాతో పతకం చేజారిపోతుంది. ఇలాంటి ఆటలో, ఎక్కడో దూరపు దీవిలో పుట్టిన పిల్లవాడు ప్రపంచ విజేత కావడం మామూలు సంగతి కాదు.

అర్జున నిబంధనలు గడచిన నాలుగేళ్ల ప్రదర్శనను చూడమంటాయి. అందులో పెద్దపీట ఒలింపిక్, ప్రపంచ, ఆసియా, కామన్వెల్త్ క్రీడల సీనియర్ పతకాలదే. షూటింగ్‌కో బ్యాడ్మింటన్‌కో ఇది సరిపోవచ్చు. అక్కడ శిక్షణ కేంద్రాలున్నాయి, ముందుతరం విజేతలున్నారు, వెన్నుదన్నుగా నిలిచే కంపెనీలున్నాయి. సైక్లింగ్‌లో మనం ఒలింపిక్స్‌కు పంపిన చివరి జట్టు 1964 నాటి టోక్యో జట్టు. 1948లో లండన్‌కు, 1952లో హెల్సింకీకి వెళ్లినవాళ్ల వారసత్వాన్ని ఆ తర్వాత ఎవరూ నిలబెట్టలేదు. ఆరు దశాబ్దాలుగా ఒలింపిక్ వాకిలి దాకా కూడా చేరని ఆటలో ఒక కుర్రాడు ఆసియా రజతం తెస్తే, అరవై ఏళ్ల లోటును అతనొక్కడే పూడ్చాడన్నమాట. నిబంధనల పుస్తకం ఈ లెక్క వేయదు. జూనియర్ స్వర్ణం తెచ్చిన కుర్రాడు సీనియర్‌గా కుదురుకునేలోపే ఆ నాలుగేళ్లు గడిచిపోతాయి. 2019 స్వర్ణం అలాగే గడువు దాటిపోయింది.

అవార్డుల విలువ కాపాడాలంటే కొలమానం కఠినంగా ఉండాలని కొందరంటారు. ఆ ఆందోళన న్యాయమైనదే. పైరవీలకు తలుపులు తెరిస్తే అర్జునకు అర్థం ఉండదు. కానీ పతకాల పట్టికను మాత్రమే చూసుకుని కూర్చుంటే, సౌకర్యాలున్న ఆటలకే గౌరవం, గౌరవం ఉన్న ఆటలకే మళ్లీ సౌకర్యాలు అన్న చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఒక దేశంలో ఒక ఆటకు మొట్టమొదటిసారి తెచ్చిన పతకం పట్టికలో రాసిన ర్యాంకు కంటే బరువైనది. ఆ బరువు తూచగల నిపుణులను ఎంపిక కమిటీలో కూర్చోబెట్టడం అసాధ్యమేమీ కాదు.

అసలు ఎంపిక పద్ధతిలోనే ఒక తిరకాసు ఉంది. తన గొప్పదనాన్ని తానే ఆన్‌లైన్ దరఖాస్తులో నింపుకోవాలి, లేదా సమాఖ్య పేరు పంపాలి. ఒకే ఒలింపిక్స్‌లో రెండు పతకాలు గెలిచిన మను భాకర్ పేరు సైతం 2024 డిసెంబరులో ఖేల్‌రత్న సిఫారసుల్లో కనబడక దేశమంతా చర్చ జరిగింది. చివరకు ఆమెకు ఆ అవార్డు అందింది. దేశం మొత్తానికి తెలిసిన క్రీడాకారిణి విషయంలోనే ఇంత గందరగోళం జరిగితే, శ్రీ విజయపురం (పాత పేరు పోర్ట్‌బ్లెయిర్) దాటి రావడానికే ఓడ కోసం ఎదురుచూసే ఇంటి పిల్లల సంగతి చెప్పాలా? క్రీడాకారుడు అడుక్కుంటే ఇచ్చేది గౌరవం కాదు. ప్రభుత్వమే వెతికి ఇవ్వాలి.

తెలుగు పల్లెలకు ఈ విషయం కొత్తగా నేర్పాల్సిన పని లేదు. ఒకప్పుడు ఊరి నడిబొడ్డున రాటలు పాతి, రోజుల తరబడి కింద కాలు మోపకుండా సైకిల్ తొక్కేవాడు వచ్చేవాడు. దాని మీదే స్నానం, దాని మీదే భోజనం. చివరి రోజు రాత్రి ఊరంతా చేరి అతని చొక్కాకు రూపాయి నోట్లు గుచ్చేది. అతను ఎవరి తాలూకా అని ఎవరూ అడగలేదు, దరఖాస్తు పెట్టమనీ అనలేదు. కళ్లముందు కనిపించిన ఓపికకు ఊరు తనంతట తానే లేచి విలువ కట్టింది.

ఇప్పుడు మన రెండు రాష్ట్రాల సంగతి. ప్రమాదంలో కాలు కోల్పోయిన హైదరాబాదీ ఆదిత్య మెహతా 2013లో ఆసియా పారా సైక్లింగ్ పోటీల్లో రెండు రజతాలు గెలిచాడు. అక్కడితో ఆగలేదు. తన పేరిట ఫౌండేషన్ పెట్టి, గాయపడిన సరిహద్దు భద్రతా దళ జవాన్లను, అవయవాలు కోల్పోయిన యువతీయువకులను సైకిల్ ఎక్కించాడు. 2024 పారిస్ పారాలింపిక్స్‌కు మన దేశం తొలిసారి ఇద్దరు సైక్లిస్టులను పంపింది. వారు మహారాష్ట్రకు చెందిన జ్యోతి గడేరియా, మన ఆంధ్రప్రదేశ్ బిడ్డ అర్షద్ షేక్. ఒంటి కాలితో పెడల్ తొక్కి పారిస్ దాకా వెళ్లిన అర్షద్ ఫొటో ఏ జిల్లా పరిషత్ పాఠశాల గోడ మీదా మాకు కనబడలేదు. ఆ 2024 అర్జునల్లో 17 మంది పారా క్రీడాకారులే కావడం గర్వించదగ్గ మార్పు. మన వరంగల్ బిడ్డ దీప్తి జీవాంజి పేరూ అందులో ఉంది. ఆ మార్పు సైకిల్ దాకా కూడా రావాలి.

అవార్డు ఒక్కటే ఆటను బతికించదు. బ్రిటన్‌లో సర్ క్రిస్ హోయ్ 2008లో, మార్క్ కావెండిష్ 2011లో, బ్రాడ్లీ విగిన్స్ 2012లో ఆ దేశ ప్రజలు ఓటేసి ఇచ్చే ఏడాది అత్యుత్తమ క్రీడాకారుడి పురస్కారం అందుకున్నారు. అంతకుముందే 1994లో మాంచెస్టర్‌లో వెలోడ్రోమ్ వెలసింది, తర్వాత లాటరీ నిధులు వచ్చాయి. ట్రాక్, డబ్బు, గౌరవం అక్కడ ఒకదాన్నొకటి పెంచాయి. మన దగ్గర 2010 కామన్వెల్త్ క్రీడల కోసం ఢిల్లీలో చెక్క పలకల ఇండోర్ ట్రాక్ కట్టారు. 2002 జాతీయ క్రీడలకు ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలో వెలోడ్రోమ్ కట్టుకున్నాం. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు వెంట 2023లో 23 కిలోమీటర్ల సౌర పైకప్పు సైకిల్ దారి ప్రారంభమైంది. పునాది ఉంది. దాని మీద నిలబడి తొక్కే పిల్లలకు రేపు ఏం దక్కుతుందో చెప్పేవాళ్లే లేరు. అర్జున అంటే రూ.15 లక్షలే కాదు, స్పోర్ట్స్ కోటా ఉద్యోగానికి అది బలమైన సాక్ష్యం. కొడుకు సైకిల్ పందేలకు వెళ్తానంటే తండ్రి ఒప్పుకోవడానికీ అదే కారణమవుతుంది.

కేంద్ర క్రీడల మంత్రిత్వ శాఖ వచ్చే ఎంపికకు ముందే నిబంధనలు సవరించాలి. ఒక క్రీడలో దేశానికి తొలిసారి వచ్చిన ప్రపంచ లేదా ఆసియా పతకానికి, అది జూనియర్ విభాగంలోదైనా, నాలుగేళ్ల గడువు వర్తించకూడదు. రోనాల్డో సింగ్, ఎసో అల్బెన్ పేర్లను ఆ కొత్త నిబంధన కింద మొట్టమొదట పరిశీలించాలి. పోటీల నుంచి తప్పుకున్న పాత తరం సైక్లిస్టులకు 2024లో మొదలుపెట్టిన జీవితకాల అర్జున ఇవ్వాలి. ఆ పేర్లు వెతికే బాధ్యత సైక్లింగ్ సమాఖ్యదే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు తమ నగదు ప్రోత్సాహకాల జాబితాల్లో ట్రాక్, రోడ్, పారా సైక్లింగ్‌లకు మిగతా ఒలింపిక్ క్రీడలతో సమాన స్థానం కల్పించాలి. అర్షద్ షేక్‌ను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వచ్చే ఆగస్టు 29న, జాతీయ క్రీడా దినోత్సవం నాడు, ఆయన సొంత జిల్లాలో పిల్లల సమక్షంలో సత్కరించాలి.