ఐటీలో మనవాళ్ళు – 6: నోటిమాట మీద నడిచే టీమ్‌లో నష్టపోయేది మనమే

పోయిన భాగం చదివిన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు చాలామంది ఒకే ప్రశ్న అడిగారు. "ఉద్యోగం వచ్చింది అన్నా. రేపు టీమ్ లీడ్ చేస్తే ఎలా నడపాలి? మాకెవరు నేర్పారు?"

కొన్ని ఇళ్ళలో ఈ పాఠాలు భోజనాల దగ్గరే అందుతాయి. బాబాయి డెలివరీ మేనేజర్, వదిన ఆన్‌సైట్, మేనమామకు సొంత కంపెనీ. క్లయింట్‌తో ఎలా మాట్లాడాలో, అప్రైజల్ ముందు ఏం చెప్పుకోవాలో పిల్లలు వింటూ పెరుగుతారు. తర్వాత దానికి మెరిట్ అని పేరు పెడతారు. మన ఇళ్ళలో మేస్త్రీ దగ్గర కూలిడబ్బులు ఎలా రాబట్టాలన్నదే మాట్లాడుకున్నాం. అందుకే ఈ విషయాలు మనం బయటపెట్టి, ఒకరికొకరం చెప్పుకోవాలి.

హైదరాబాద్ ఐటీలో ఇన్నేళ్ళు చూసినదాన్లోంచి ఒక్క సూత్రం చెప్తాను. టీమ్‌లో రాసి ఉన్నది అందరిదీ. రాయనిది పలుకుబడి ఉన్నవాళ్ళది. ఈ దేశంలో పలుకుబడి ఎవరికి ఉంటుందో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు.

1. అడిగిన పని రాసుకోండి.

క్లయింట్ ఫోన్‌లో "చిన్న మార్పే కదా" అంటాడు. మేనేజర్ "చేసేద్దాం" అంటాడు. ఫోన్ పెట్టేసిన పది నిమిషాల్లో ఒక మెయిల్ పంపండి. మనం అనుకున్నది ఇది, దీనికి ఇంకో రెండు రోజులు పడుతుంది, తేడా ఉంటే చెప్పండి. మూడు వాక్యాలు చాలు. ఆ మెయిల్ లేకపోతే రెండు నెలల తర్వాత "నేను అలా అనలేదు" అనే మాట వస్తుంది. అప్పుడు తప్పు వెళ్ళి టీమ్‌లో అందరికంటే నోరులేనివాడి నెత్తిన పడుతుంది.

2. గడువు పనిచేసేవాళ్ళని అడగండి.

పైవాళ్ళు తేదీ చెప్పేసి, కిందవాళ్ళ చేత తల ఊపించుకోవడాన్ని ఎస్టిమేట్ అనరు. పనిని రెండు రోజులకు మించని ముక్కలుగా చెయ్యండి. ఒక్కో ముక్కకు ఎంత పడుతుందో చేసే మనిషే చెప్పాలి. ఆలస్యం అవుతుందని తెలిసిన రోజే పైకి చెప్పాలి, రిలీజ్ ముందు రాత్రి కాదు.

ఆలస్యమైన ప్రాజెక్టులో ఇంకో పదిమందిని వేస్తే అయిపోతుందని మేనేజర్లు ఇప్పటికీ నమ్ముతారు. ఐబీఎంలో ఓఎస్/360 తయారీని నడిపించిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే తన పుస్తకంలో దీన్ని కొట్టిపారేశాడు. ఆలస్యమైనదానికి మనుషుల్ని కలిపితే ఇంకా ఆలస్యమవుతుందన్నాడు. కారణం చిన్న లెక్కే. ఐదుగురు ఉంటే ఇద్దరిద్దరి మధ్య 10 జతల మాటలు నడవాలి. పదిమంది అయితే 45. పైగా కొత్తవాళ్ళకు నేర్పేది పాతవాళ్ళే, పని చేయాల్సిందీ వాళ్ళే. ఈ లెక్క తెలియని లీడ్ టీమ్‌ని శని, ఆదివారాలు కూడా కూర్చోబెడతాడు. వారానికి 48 గంటల పని అనేది ఊరికే రాలేదు. బాబాసాహెబ్ లేబర్ మెంబర్‌గా ఉన్న కాలంలో, 1946 ఫ్యాక్టరీల చట్ట సవరణతో 54 గంటలు 48కి దిగాయి. మనం లీడ్ అయ్యి ఆ గంటల్ని మళ్ళీ పెంచితే ఎవరి వారసులం అవుతాం?

3. ఎవరికి ఏ పని పడుతుందో లెక్క పెట్టండి.

కులం ఎక్కువగా దాక్కునేది ఇక్కడే. తిట్టు వినబడదు, గ్లాసు వేరుగా పెట్టరు. కానీ ఆరు నెలల పనులు ఒక కాగితం మీద రాసి చూడండి. డిజైన్ ఎవరు చేశారు? క్లయింట్ కాల్‌లో ఎవరు మాట్లాడారు? ప్రొడక్షన్ సపోర్ట్, నైట్ షిఫ్ట్, పాత కోడ్‌లో బగ్‌లు ఎవరికి పడ్డాయి? మీటింగ్ మినిట్స్ రాయడం, పుట్టినరోజు కేక్ తెప్పించడం ఎప్పుడూ ఆడపిల్లల మీదే ఎందుకు పడుతోంది? ఏడాది చివర "నీకు డిజైన్ అనుభవం లేదు" అని రేటింగ్ తగ్గిస్తారు. అనుభవం ఇవ్వనిది ఎవరు?

శ్రమ విభజన పేరు చెప్పి కులాన్ని వెనకేసుకొచ్చేవాళ్ళకు బాబాసాహెబ్ 1936లోనే జవాబు చెప్పారు. ఆ జవాబు ఏసీ గదికీ వర్తిస్తుంది. మీరు లీడ్ అయితే వంతుల పట్టిక ఒకటి పెట్టండి. నైట్ సపోర్ట్ అందరికీ వంతు, డిజైన్ అందరికీ వంతు, క్లయింట్ ముందు డెమో అందరికీ వంతు. ఇంగ్లీషు తడబడే పిల్లకూ వంతు రావాలి. ముందురోజు మీరు పక్కన కూర్చుని రెండుసార్లు చెప్పించండి. ఆ గంట సాయమే కొందరికి ఇంట్లో దొరికింది, ఈ పిల్లకు దొరకలేదు. తేడా అంతే.

4. తప్పు జరిగితే మనిషిని కాదు, దారిని వెతకండి.

సర్వర్ పడిపోయిన రాత్రి "ఎవడు చేశాడు?" అన్నది మొదటి ప్రశ్న కాకూడదు. ఏ గంటకు ఏం జరిగింది, టెస్టింగ్‌లో ఎందుకు దొరకలేదు, మళ్ళీ జరక్కుండా ఏం మార్చాలి అన్నవి రాయండి. పేరు అడిగే టీమ్‌లో తప్పులు దాస్తారు, దాచిన తప్పులు పెద్దవవుతాయి. ఒకరి తప్పు పొరపాటుగా, ఇంకొకరి తప్పు "కోటా బ్యాచ్" స్వభావంగా మారేది కూడా ఆ ప్రశ్న దగ్గరే.

5. పనిచేసినవాళ్ళ పేరు చెప్పండి.

రాజ్యాంగ ముసాయిదా కమిటీ 1947 ఆగస్టు 29న ఏర్పడింది. సవరణల ప్రతిపాదనలు 7,635 వచ్చాయి, సభలో పెట్టినవి 2,473. ఏడుగురు సభ్యుల్లో ఒకరు రాజీనామా చేశారు, ఒకరు చనిపోయారు, భారమంతా అంబేద్కర్ మీదే పడిందని టి.టి. కృష్ణమాచారి సభలోనే చెప్పారు. అయినా 1949 నవంబర్ 25న బాబాసాహెబ్ ఆ ఘనతలో వాటా పంచారు. బి.ఎన్. రావు పేరు, ఎస్.ఎన్. ముఖర్జీ పేరు చెప్పారు. అర్ధరాత్రి దాటిందాకా పనిచేసిన ముఖర్జీ సిబ్బందినీ మర్చిపోలేదు. రిలీజ్ మెయిల్‌లో "నా టీమ్" అని ఒక్క ముక్క రాసి సరిపెట్టే మేనేజర్లు ఇది చదవాలి. ఎవరు ఏం చేశారో పేరుతో రాయండి. మీకు లీడ్ అలా రాయకపోతే ప్రతి శుక్రవారం మీ పని మీరే నాలుగు వాక్యాల్లో మెయిల్ చెయ్యండి. అప్రైజల్ రోజు అదే మీ సాక్ష్యం.

"ప్రతిదీ రాస్తే నమ్మకం లేదనుకుంటారన్నా" అని ఒక తమ్ముడు అన్నాడు. క్లయింట్‌తో కంపెనీ పేజీలకు పేజీలు ఒప్పందం రాసుకుంటుంది. అక్కడ ఎవరూ నమ్మకం గురించి బాధపడరు. కిందవాడు రాసినప్పుడే నమ్మకం గుర్తొస్తుంది.

రాతతోనే అన్నీ తీరవు, అదీ తెలుసుకోండి. 2020 జూన్‌లో కాలిఫోర్నియా ప్రభుత్వ విభాగం, ఒక దళిత ఇంజనీర్ మీద కులవివక్ష చూపారంటూ సిస్కో మీద కేసు వేసింది. కంపెనీ కాదంది. ఇద్దరు ఇంజనీర్ల మీద పెట్టిన కేసును 2023లో ఆ విభాగమే వెనక్కి తీసుకుంది. కోర్టు దారి అంత పొడుగు. మన దగ్గర ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ లేదు, కులం మీద ఫిర్యాదుకు చాలా కంపెనీల్లో వేరే కమిటీ కూడా లేదు. చట్టం కోసం, యూనియన్ కోసం పోరాడాల్సిందే. అప్పటిదాకా మన చేతిలో ఉన్నది తేదీ వేసిన కాగితం.

చివరిమాట లీడ్ కాబోయేవాళ్ళకి. వంతుల పట్టికలో మనవాళ్ళకు మంచి పని దొంగచాటుగా రాసుకోకండి. వాళ్ళు చేసిందీ అదే. పట్టిక అందరికీ కనబడే చోట పెట్టండి, మీ పేరు కూడా నైట్ షిఫ్ట్‌లో రాసుకోండి. మనవాడు కుర్చీలో కూర్చోవడంతో పని అయిపోదు. ఆ కుర్చీ పనిచేసే తీరు మారాలి.

వచ్చే భాగంలో రిఫరల్స్, ఇంటర్వ్యూల గురించి మాట్లాడుకుందాం. మీ టీమ్‌లో ఆరు నెలల పనుల లెక్క వేసి చూసినవాళ్ళు ఏం కనబడిందో రాయండి, కంపెనీ పేరు లేకుండా.

జై భీమ్.