ఈలలు వేసిన తమ్ముళ్లకు
మార్కాపురం, గిద్దలూరు హాళ్లలో 2013లో 'మిర్చి' చూస్తూ ఈలలు వేసిన తమ్ముళ్లూ! హంసానందిని గుర్తుందా? తనకి రొమ్ము క్యాన్సరని 2021 డిసెంబరులో ఆమే బయటపెట్టింది. అప్పటికి పద్దెనిమిదేళ్ల కిందట తల్లినీ అదే జబ్బు పొట్టన పెట్టుకుంది. వంశపారంపర్యంగా వచ్చిన జన్యులోపమని పరీక్షలో తేలింది. ఆపరేషను, కీమో చేయించుకుని 2022లో మళ్లీ షూటింగుకెళ్లింది.

ఈ లోపం తండ్రి వైపు నించీ రావచ్చు. అమ్మానాన్నల్లో ఒకరికున్నా ప్రతి బిడ్డకీ సగానికి సగం అవకాశం. లోపముంటే జబ్బు ఖాయమనీ కాదు. ముందే తెలిస్తే డాక్టర్లు కనిపెట్టి ఉంటారు.

అమ్మమ్మకో, మేనత్తకో వచ్చిందా? సంబంధాలు చెడతాయని దాచకండి. అక్కయ్యకి తోడుగా బస్సెక్కి, డాక్టరుకి ఆ మాట చెప్పండి. తారే దాచుకోలేదు, మనకెందుకండీ దాపరికం?