నాట్ విల్లింగ్

కాగితం మీద రెండే వాక్యాలు. గెజిటెడ్ ప్రధానోపాధ్యాయ పదోన్నతికి సమ్మతి లేదని ఒకటి, కుటుంబ కారణాల వల్ల వదులుకుంటున్నానని ఇంకొకటి. హనుమకొండలో నాకు అక్క వరుసయ్యే గణితం టీచర్ నా కళ్లముందే రాసింది. పక్కన సీనియారిటీ జాబితా ప్రింటు, అందులో తన పేరు కింద ఎర్ర పెన్నుతో గీత. లోపలి గదిలో పక్షవాతంతో మంచాన పడ్డ అత్తగారు. "నాకు మనసున లేకనా? గింతకాలం చెప్పిన, హెచ్చెమ్ము కుర్చీల ఒక్క ఏడాదన్న కూసోవాలె అనిపియ్యదా? గానీ దగ్గరి ఖాళీలు నాదాక రావు. ఆసిఫాబాదు దిక్కు పడితే ఈమెను ఎవల మీద ఇడిసి పోవాలె?" అన్నది. సంతకం పెట్టి, కాగితం మడిచి, బియ్యం కడగడానికి లేచిపోయింది.

టీచర్ల భాషలో దీన్ని 'నాట్ విల్లింగ్ ఇచ్చుడు' అంటారు. పేరు అట్లా పడింది గానీ, ఇష్టం లేక ఇచ్చే కాగితం కాదది.

బడుల మీద కేంద్రం తీసే యూడైస్ ప్లస్ 2024-25 లెక్కల్లో దేశం మొత్తం మీద కోటికి పైగా టీచర్లుంటే, వాళ్లలో 54.2 శాతం మహిళలే. సంతోషించాల్సిన అంకె. కానీ అది ప్రభుత్వ, ప్రైవేటు బళ్లన్నిటినీ, చిన్న తరగతులను పెద్ద తరగతులను ఒకే కుప్పగా పోసి తీసిన వాటా. ప్రాథమిక బడిలో ఆడవాళ్లు ఎక్కువ, పై తరగతులకు పోయేకొద్దీ తక్కువ. తొమ్మిది, పది తరగతుల్లో గణితం, భౌతిక శాస్త్రం చెప్పేవాళ్లలో ఇంకా తక్కువ కనిపిస్తారు. ఇక ప్రధానోపాధ్యాయుల గది తలుపు మీది పేర్లు చూడండి. వర్ధన్నపేట దారిలో ఒక ఉన్నత పాఠశాలకు వెళ్లినప్పుడు, అక్కడ పనిచేసిన హెచ్‌ఎంల పేర్లున్న బోర్డు మొదటినుంచి చివరిదాకా చదివాను. 'శ్రీమతి' అన్న మాట ఒక్కచోటే ఉంది.

ఆడవాళ్లు కొలువులోకి రావడానికి తలుపు తెరిచిన చరిత్ర మనకుంది. ఎన్టీఆర్ ప్రభుత్వం 1984లో నేరుగా భర్తీ చేసే ఉద్యోగాల్లో కనీసం 30 శాతం మహిళలకని నియమం పెట్టింది. దాన్ని సవాలు చేస్తే 1995లో సుప్రీంకోర్టు సమర్థించింది. తర్వాత అది మూడో వంతయింది. ఈ నియమం ఎన్ని ఇళ్లలో దీపం పెట్టిందో వరంగల్ వాళ్లకు చెప్పక్కర్లేదు. అయితే అది టీచర్లను నేరుగా ఎంపిక చేసే డీఎస్సీ గేటు దగ్గరే ఆగిపోతుంది, పదోన్నతుల దాకా రాదు. ఉన్నత పాఠశాల నడిచేది పదోన్నతుల మీదే.

తెలంగాణలో 2024 డీఎస్సీలోని 11,062 పోస్టుల్లో 6,508 సెకండరీ గ్రేడ్ టీచర్లవి (ఎస్‌జీటీ), 2,629 మాత్రమే స్కూల్ అసిస్టెంట్లవి. ఎస్‌జీటీ పేరులో సెకండరీ ఉన్నా వాళ్లు చెప్పేది చిన్న తరగతులకు. హైస్కూల్లో పాఠం చెప్పే స్కూల్ అసిస్టెంట్ పోస్టుల్లో 70 శాతం పదోన్నతితోనే నిండుతాయి. హెచ్‌ఎం పోస్టయితే పూర్తిగా పదోన్నతే, అదీ మల్టీజోన్ స్థాయిలో. మన మల్టీజోన్ ఆదిలాబాద్ నుంచి ఖమ్మం దాకా పరుచుకుని ఉంది. అందులో ఏ మూలకైనా పంపవచ్చు. మగ టీచర్ అయితే గది అద్దెకు తీసుకుని, వారానికోసారి ఇంటికొస్తాడు. ఇంట్లో పిల్లలకు, ముసలివాళ్లకు భార్య ఉంటుంది. మా అక్క వెళ్తే ఆ ఇంట్లో ఎవరున్నారు? ఉన్నత పాఠశాలలో మహిళల వాటా ఎంతన్నది డీఎస్సీలో కాదు, కౌన్సెలింగ్ రోజున ఇట్లాంటి వంటిళ్లలో తేలుతున్నది.

దీనివల్ల నష్టం టీచరమ్మలకే అనుకుంటే పొరపాటు. మా అక్క బడిలో ఇనుప బీరువా అడుగు అరలో పాత పేపర్లో చుట్టిన ప్యాడ్లు, పిన్నీసుల డబ్బా, ఉతికి మడతపెట్టిన ఒక చున్నీ ఉంటాయి. ఎనిమిదో తరగతి పిల్ల తలుపు దగ్గర నిలబడి ఏమీ మాట్లాడకుండా చూస్తే చాలు, ఆమె తాళంచెవి తీస్తుంది. స్టాఫంతా మగవాళ్లే ఉన్న బడిలో ఆ పిల్ల కడుపునొప్పి అని చెప్పి ఇంటికి పోతుంది, నాలుగు రోజులు రాదు. బాలికల ఉన్నత పాఠశాలల్లో యాభై ఏళ్లలోపు మగ టీచర్లను వేయకూడదని బదిలీ నిబంధనల్లో ఉంది. మరి మండలాల్లో ఆడపిల్లల్లో ఎక్కువమంది చదివేది మగపిల్లలతో కలిసి జిల్లా పరిషత్ బడిలో. అక్కడ కనీసం ఇద్దరు టీచరమ్మలుండాలన్న నియమం ఎందుకు పెట్టకూడదు? ఆడపిల్లల కోసమే నడిచే కస్తూర్బా విద్యాలయాల్లో టీచర్లంతా మహిళలే, రాత్రి డ్యూటీలు కూడా వాళ్లవే. అయినా వాళ్లవి కాంట్రాక్టు బతుకులు. 2024 డిసెంబరులో వాళ్లు సమ్మెకు దిగింది అందుకే.

స్థానికులకే కొలువులివ్వాలంటూ 1952లో ముల్కీ ఉద్యమం రాజుకున్నది ఈ ఓరుగల్లులోనే, టీచర్ పోస్టుల దగ్గరే. బడిలో ఎవరు నిలబడి పాఠం చెప్తున్నారన్నది చిన్న విషయం కాదని అప్పుడే తెలిసిన ఊరు మనది. కాబట్టి ప్రభుత్వాన్ని అడుగుదాం. జిల్లాలవారీగా, సబ్జెక్టులవారీగా, హోదాలవారీగా మహిళల లెక్క విడిగా బయటపెట్టండి. ఇంట్లో మంచాన పడ్డవాళ్లు, పసిపిల్లలు ఉన్న టీచరమ్మకు హెచ్‌ఎంగా మొదటి పోస్టింగ్ సొంత జిల్లాలో లేదా ఆనుకున్న జిల్లాలో ఇవ్వండి. ఏటూరునాగారం, తాడ్వాయి వంటి చోట్ల బడి పక్కనే తలుపు, గొళ్లెం సరిగా ఉన్న క్వార్టర్లు కట్టండి. మహాలక్ష్మి పథకంతో ఆడవాళ్లకు బస్సు టికెట్ ఖర్చు తప్పింది, నిజమే. కానీ బడి వేళకు బస్సు ఉండాలి కదా.

సావిత్రీబాయి ఫూలే జయంతిని మహిళా ఉపాధ్యాయ దినోత్సవంగా జరపాలని రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది. 2025 జనవరి 3న మా అక్కకూ బడిలో శాలువా కప్పారు. దాన్ని మడిచి బ్యాగులో పెట్టుకుని, సాయంత్రం పదో తరగతి పిల్లలకు త్రికోణమితి చెప్పి, చీకటి పడ్డాక బస్సు దిగి ఇంటికొచ్చింది. వస్తూనే అత్తగారి మంచం దగ్గరికి పోయింది.