గోంగూరా? గంజాయా?

ఈ వారం వచ్చిన ఉత్తరాల కట్టలో ఒక్క ఉత్తరం నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు. ఆవకాయ బూజు గురించీ, పట్టుచీర మీద నూనె మరక గురించీ అడిగిన సోదరీమణులు నన్ను మన్నించాలి. మీకు వచ్చే వారం తప్పకుండా జవాబు చెబుతాను. ఈ వారం చోటంతా ఆ తల్లికే.

హైదరాబాదు నుంచి వ్రాశారావిడ. పేరు వెయ్యవద్దన్నారు, వెయ్యను. ఉత్తరంలోని సారాంశం ఇది:

"మా అబ్బాయికి 24 ఏళ్ళు. రెండేళ్ళు విదేశంలో చదివి వచ్చాడు. ఇంటి నుంచే ఉద్యోగం చేస్తున్నాడు. మూడు నెలల క్రితం తన గదిలో ఒక మూల బీరువా అంత ఎత్తున నల్లగుడ్డ డేరా వేశాడు. లోపలంతా వెండిరేకులా మెరుస్తుంది. రోజుకు 18 గంటలు దీపం వెలుగుతుంది. చిన్న ఫ్యానూ, వాసన పీల్చే బొగ్గు గొట్టమూ పెట్టాడు. కరెంటు బిల్లు చూసి వాళ్ళ నాన్నగారు గొణుగుతున్నారు. లోపల నాలుగు కుండీలు. ఏమిట్రా అంటే 'మొక్కలమ్మా, నీకు తెలియవు' అంటాడు. ఒకనాడు జిప్పు తీసి వుంటే తొంగిచూశాను. ఆకులు గోంగూరలా వున్నాయి. కాని గోంగూరకు ఇంత భాగ్యమా? ఆయనతో చెబితే ఇల్లు పీకి పందిరి వేస్తారు. చెప్పకపోతే నా గుండె ఆగేలా వుంది. అది ఏ మొక్కో ఎలా తెలుసుకోవాలి?"

సోదరీ, మొట్టమొదట ఒక మాట. తొందరపడి మీ అబ్బాయిని దొంగను చేసెయ్యకండి. ఇలాంటి నింద నా నెత్తిన కూడా ఒకసారి పడింది. అదేమిటో ముందు చెబుతాను.

మా అమ్మాయి పురిటికని నేను కెనడా వెళ్ళాను. టొరంటో దగ్గర ఒక అద్దె ఫ్లాటులో వుంటారు వాళ్ళు. డిసెంబరు నెల. అక్కడ ఆ రోజుల్లో పగలు 9 గంటలకు మించదు. ఆ కాస్త పగలూ మబ్బే. మా అమ్మాయికేమో గోంగూర మీద మనసు పుట్టింది. సీసాలో ఊరినది కాదట, పచ్చి ఆకే కావాలట. వేవిళ్ళు ఎప్పుడో దాటిపోయిన పిల్లకు ఇప్పుడీ కోరికేమిటని నవ్వుకున్నాం. కాని కడుపుతో వున్న పిల్ల అడిగితే కాదంటామా? మా అల్లుడు మీ అబ్బాయి డేరాలాంటిదే ఒకటి కొనుక్కొచ్చాడు. విత్తనాలు అక్కడి కొట్లోనే దొరికాయి.

"చిన్నప్పటి నుంచీ పెరట్లో చల్లినదాన్ని, నాకా నేర్పేది?" అనుకుని గుప్పెడు విత్తనాలు చల్లి, పూటపూటా నీళ్ళు పోశాను. వెచ్చగా వుంటుందని పైన గాజుకాగితం కూడా కప్పాను. ఐదో రోజున మొలకలు వచ్చాయి. ఎనిమిదో రోజున ఒక్కొక్కటే మొదలు దగ్గర నల్లబడి, నడుం విరిగినట్టు పడిపోయాయి. నారుకుళ్ళు! గాలి ఆడకుండా మూసి, తడి ఆరకుండా నీళ్ళు పోస్తే మరేమవుతుంది? పెరట్లో ఎండా గాలీ చేసే పని నేను చేస్తున్నానని ఇన్నాళ్ళూ అనుకున్నానన్నమాట. రెండోసారి బుద్ధిగా చేశాను. నెల తిరిగేసరికి జానెడు మొక్కలు తయారయ్యాయి.

అప్పుడు వచ్చింది తంటా. ఎదుటి మేడలో ఎవరో కిటికీలోంచి ఆ వెలుగూ, ఆ ఆకులూ చూసి ఇళ్ళ మేనేజరుకు ఫిర్యాదు చేశారు. మేనేజరు నోటీసు పంపాడు. "మీ ఫ్లాటులో గంజాయి పెంచుతున్నట్టు తెలిసింది, అద్దె ఒప్పందం ప్రకారం అది నిషిద్ధం" అని. మా అమ్మాయికి తొమ్మిదో నెల. ఆ చలిలో ఇల్లు ఖాళీ చేయమంటే ఎక్కడికి పోతాం? నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు.

మర్నాడు ఆ మేనేజరు స్వయంగా వచ్చాడు. నేను డేరా జిప్పు పూర్తిగా తీసి, లేత ఆకు ఒకటి తుంచి నోట్లో వేసుకున్నాను. ఇంకొకటి అతని చేతిలో పెట్టాను. కాసేపు తటపటాయించి కొరికాడు. ఆ పులుపుకి అతని మొహం చూడాలి! తరువాత నవ్వి, క్షమాపణ చెప్పి వెళ్ళాడు. మా అమ్మాయి మాత్రం ఆ రాత్రి దాకా ఏడుస్తూనే వుంది. నింద అబద్ధమైనా దాని బరువు మాత్రం నిజమే సోదరీ. అందుకే తొందరపడవద్దన్నాను.

అయితే ఆ ఎదుటింటివారి తప్పు కూడా అంత పెద్దది కాదు. గోంగూర జాతిలో ఒకదానికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు హైబిస్కస్ కన్నాబినస్. కన్నాబిస్ అంటే గంజాయి. గంజాయి ఆకును పోలిన ఆకు గలదని ఆ పేరు. 18వ శతాబ్దంలో స్వీడను దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ రెండు మొక్కలకూ ఈ పేర్లు ఖాయం చేశాడు. మన గోగునారకు విదేశీ వర్తకులు పెట్టుకున్న పేర్లలో 'బిమ్లీపటం జ్యూట్' ఒకటి. మన భీమునిపట్నం రేవు పేరన్నమాట! పోలిక ఆకులోనే గాని వంశంలో లేదు. గోంగూర మందారానికి చుట్టం. గంజాయికీ దానికీ ఏ సంబంధమూ లేదు.

మరి గుర్తుపట్టడం ఎలా? ఇవిగో గుర్తులు:

ఆకు చూడండి. గోంగూర ఆకు ఒకటే ఆకు, వేళ్ళలా చీలి వుంటుంది. అడుగున అరచేయిలా కలిసే వుంటుంది. అడుగు ఆకులు చాలాసార్లు చీలకుండా నిండుగానే వుంటాయి. గంజాయిలో అలా కాదు. ఒక్కొక్క వేలూ ఒక్కొక్క చిన్న ఆకు. ఐదో ఏడో సన్నని ఆకులు కాడ కొసన ఒకే చోట విడివిడిగా అతుక్కుంటాయి. అంచులు రంపపు పళ్ళలా వుంటాయి.

అమరిక చూడండి. గోంగూర కాండం మీద ఆకులు ఒకటి ఇటు, తరువాతది అటు వస్తాయి. లేత గంజాయి మొక్కకు ఒకే కణుపు దగ్గర ఎదురెదురుగా రెండేసి వస్తాయి.

పువ్వు చూడండి. గోగుపువ్వు లేత పసుపు రంగులో, నడుమ ముదురు ఎరుపు బొట్టుతో, అచ్చం మందారం చెల్లెలిలా వుంటుంది. గంజాయికి రేకులున్న పువ్వే వుండదు. ఆడమొక్క వేరు, మగమొక్క వేరు. ఆడమొక్క కొసన ఆకుపచ్చని జిగురుకంకి వస్తుంది. దాని వాసన గది దాటి వస్తుంది. బొగ్గు గొట్టం పెట్టేది ముఖ్యంగా ఆ వాసన కోసమే. గోంగూరకు ఆ అవసరం లేదు. తెలియని ఆకును మాత్రం నాలా కొరికి చూడవద్దు. నాది నేను విత్తిన మొక్క గనక కొరికాను.

దీపం మాత్రం సాక్ష్యం కాదు. గంజాయీ గోంగూరా రెండూ పొద్దును లెక్కపెట్టే మొక్కలే. పగలు పొడుగ్గా వుంటే ఆకు వేస్తాయి. రాత్రి 12 గంటలకు పెరిగిందంటే పూతకు వస్తాయి. మన పొలాల్లో పొద్దు తగ్గే నెలల్లో గోగు పూసేది అందుకే. నేనూ టొరంటోలో రోజుకు 16 గంటలు దీపం పెట్టాను. కాని ఎండ కొల్లలుగా వుండే మన హైదరాబాదులో, నాలుగు కుండీల కోసం ఇంత తతంగం ఎందుకన్న ప్రశ్న మాత్రం మిగులుతుంది. ఆ ప్రశ్న అడిగే హక్కు తల్లిగా మీకు వుంది.

ఇక అసలు భయం. కెనడాలో 2018 అక్టోబరు 17 నుంచి పెద్దవాళ్ళకు గంజాయి చట్టసమ్మతం. చాలా రాష్ట్రాల్లో ఇంటికి 4 మొక్కలు పెంచుకోవచ్చు, క్విబెక్‌లో కూడదు. జర్మనీలో 2024 ఏప్రిల్ 1 నుంచి పెద్దవాళ్ళు ఒక్కొక్కరు 3 మొక్కలు పెంచుకోవచ్చు. అక్కడ చదువుకున్న పిల్లలకు అది తులసికోట పెట్టుకున్నంత మామూలుగా కనబడవచ్చు. కాని విమానం దిగితే చట్టం మారుతుంది. మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా గంజాయి మొక్క పెంచితే 10 ఏళ్ళ దాకా కఠిన శిక్ష, లక్ష రూపాయల దాకా జరిమానా. 'సొంతానికే, రెండు మొక్కలే' అంటే కుదరదు. ఇన్ని మొక్కల దాకా ఫరవాలేదన్న మాట ఆ చట్టంలో లేదు.

"శివరాత్రికి ఉత్తరాదిలో భంగు తాగుతారు గదా" అని మీ అబ్బాయి వాదించవచ్చు. చట్టం గంజాయి అనేది పూతకంకులను. కంకి లేని వట్టి ఆకు ఆ మాటలోకి రాదు. కొన్ని రాష్ట్రాల్లో భంగు దుకాణాలు నడిచేది ఆ సందులోంచే. కాని మొక్కను పెంచడం వేరే నేరం. దానికి ఆ సందు లేదు.

ఇంకొకటి. తన ఇంట్లో ఇలాంటి నేరం జరుగుతోందని తెలిసి కూడా జరగనిచ్చిన ఇంటివారికీ ఆ చట్టంలో శిక్ష వుంది. అంచేత 'నాకేం తెలియదు' అని కళ్ళు మూసుకోవడం మీకు రక్షణ కాదు. మీవారికి చెప్పకుండా వుండడం అసలే కాదు.

ఏం చేయాలంటారా? ముందు అబ్బాయితో మాట్లాడండి. భోజనాల దగ్గర వద్దు, పదిమందిలో వద్దు. అతని గదిలోనే, ఆ డేరా ముందు కూర్చుని, "నాయనా, జిప్పు తియ్యి, ఇద్దరం చూద్దాం" అనండి. ఏ టమాటానో మిరపో అయితే ఇద్దరూ నవ్వుకోండి. కాకపోతే కేకలు వెయ్యకండి. ఆ శిక్ష ఎంతో చెప్పండి. పాస్‌పోర్టు, ఉద్యోగం, పెళ్ళి అన్నీ ఒక కేసుతో ఎలా చిక్కుపడతాయో చెప్పండి. ఆ రోజే మీవారికీ చెప్పండి. మీవారికి కోపం రావచ్చు గాని, పోలీసులు తలుపు కొట్టాక తెలిసినప్పటి కోపం కన్న ఇది నయం. వెంటనే నమ్మకమైన వకీలును కలిసి, ఆయన చెప్పినట్టు నడవండి. ఆ మొక్కలను మాత్రం స్నేహితులకు ఇవ్వడం, అమ్మడం వంటి తెలివితక్కువ పనులు చేయనివ్వకండి. అది నేరం మీద నేరం.

అబ్బాయి తాగుతున్నాడని తేలితే సిగ్గుపడి దాచకండి. ఆ వయసులో మెదడు ఇంకా ఎదుగుతూనే వుంటుంది. వంశంలో మతి చలించిన జబ్బు వున్నవారికి గంజాయి మరీ ప్రమాదం. కేంద్రప్రభుత్వం వారి సహాయ ఫోను 14446. ఖర్చు లేదు. డాక్టరు దగ్గరకు తీసుకుపోవడం పరువు పోయే పని కాదు.

విదేశాల్లో వుండే ఆడపడుచుల కోసం గోంగూర మాట కూడా నాలుగు ముక్కల్లో చెప్పి ముగిస్తాను. విత్తనాలు రాత్రి నానబెట్టండి. అర అంగుళం లోతుకు మించి పాతకండి. గది 25 నుంచి 30 డిగ్రీల వెచ్చన వుంటే వారం లోపల మొలుస్తాయి. మొలిచిన గంట నుంచీ దీపం కావాలి, లేకపోతే సాగి పాలిపోతాయి. పైమట్టి ఆరితేనే నీళ్ళు. చిన్న ఫ్యాను తప్పనిసరి. జానెడు ఎత్తున తల తుంచితే కొమ్మలు వేస్తుంది. అద్దె ఇల్లయితే డేరా వేసే ముందు ఇంటివారికి ఒక మాట చెప్పండి. మా కన్నీళ్ళు మీకు వద్దు.

మా అమ్మాయి పురుడు సుఖంగా జరిగింది. పత్యం రోజులు దాటాక తొలి గోంగూర పచ్చడి ఆ డేరా ఆకుతోనే చేశాను. ఒక గిన్నెడు మేనేజరుకూ పంపాను.

సోదరీ, మీ ఉత్తరం కోసం ఎదురుచూస్తూ వుంటాను. డేరా తెరిచాక వ్రాయండి. లోపల ఏమున్నా సరే, వ్రాయండి.