సగం అరిసె, ఒక పాత సినిమా



డిసెంబరు నెల వచ్చిందంటే మన వార్డుల్లో ఒకే ప్రశ్న పదిమంది నోట వినబడుతుంది. "సిస్టరమ్మగారూ, పండుగ రోజు ఒక్క కేకు ముక్క తినవచ్చా?" అడిగేవారు చిన్నపిల్లలు కారు, అరవై డెబ్బై ఏళ్ళ పెద్దలు. చుట్టూ చూసి, గొంతు తగ్గించి, ఏదో తప్పు చేసినవారిలా అడుగుతారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ ప్రశ్నకు నా దగ్గర ఒకటే జవాబు ఉండేది: "వద్దు." ఆ జవాబు అందరికీ సరిపోదని చెప్పడానికే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

మా అమ్మకు షుగరు వ్యాధి ఉండేది. ఒక క్రిస్మస్‌కు ఇంట్లో అరిసెలు వండి, డబ్బాను బీరువాలో పెట్టి తాళం వేశాను. ఇంట్లో కూడా నర్సుగానే ఉన్నాను గాని కూతురిగా లేను. ఆ సాయంత్రం టీవీలో "మిస్సమ్మ" వస్తున్నది. 1955లో వచ్చిన ఆ సినిమా అంటే అమ్మకు ప్రాణం. ఉద్యోగం కోసం మేరీ, ఎం.టి. రావు భార్యాభర్తలమని చెప్పుకొని పడే తిప్పలు ఎన్నిసార్లు చూసినా, మొదటిసారి చూసినట్టే నవ్వేది. మధ్యలో నా వైపు తిరిగి, "సగం అరిసె పెట్టవే" అన్నది. పెట్టలేదు. పైగా పొద్దుపోయిందని టీవీ కట్టేసి, మందులు వేసి పడుకోబెట్టాను.

రాత్రి వంటింట్లో చప్పుడైతే లేచి వెళ్ళాను. లైటు వేయకుండా చీకట్లో నిలబడి అమ్మ అరిసెలు తింటున్నది. పక్కింటివాళ్ళు ఇచ్చినవి కొంగులో దాచుకున్నదట. సగం కాదు, మూడు. నన్ను చూసి ఉలిక్కిపడింది. కూతురిని చూసి భయపడిన ఆ ముఖం నేను నేటికీ మరువలేదు. ఉదయం పరీక్ష చేస్తే షుగరు 300 దాటింది. మరుసటి క్రిస్మస్‌కు అమ్మ లేదు. ఆమెను తీసుకుపోయినవి ఆ అరిసెలు కావు, గుండెజబ్బు. కాని ఆ సగం అరిసె, ఆ మిగిలిన సగం సినిమా నేను ఆమెకు బాకీ పడిపోయాను.

వార్డులోనూ నేను చూసింది ఇదే. మనం గద్దిస్తే రోగి తినడం మానడు, చెప్పడం మానేస్తాడు. దిండు కింద దాచుకుంటాడు. అసలు సంగతి తెలియక డాక్టరుగారు మందు మోతాదు పెంచవలసి వస్తుంది. దాచి తిన్న మూడింటి కంటే అందరి మధ్య కూర్చుని, చెప్పి తిన్న సగం ఎంతో మేలు.

అయితే దానికి ఒక పద్ధతి ఉన్నది. అరిసెలో ఉన్నది బియ్యప్పిండి, బెల్లం, నూనె. కనుక సగం అరిసె తిన్నపూట అన్నం ఆ మేరకు తగ్గించాలి. బెల్లం కదా, ఏమీ కాదనుకోవద్దు. బెల్లం కూడా పంచదారలాగే షుగరు పెంచుతుంది. ఖాళీ కడుపున కాక భోజనంతో పాటు తినండి. తిన్న తరువాత పది, పదిహేను నిమిషాలు వాకిట్లో అటూ ఇటూ నడవండి.

రాత్రి విందు ఉన్నదని పగలంతా పస్తు ఉండవద్దు. ఇన్సులిన్ గాని, షుగరు బిళ్ళలు గాని వాడుతూ పస్తు ఉంటే షుగరు హఠాత్తుగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం, మాట తడబడడం కనిపిస్తే, స్పృహలో ఉన్నవారికి వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి త్రాగించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయక ఆసుపత్రికి తీసుకురండి. పండుగ కదా అని మందు మానవద్దు. ఎక్కువ తిన్నాము కదా అని మీ అంతట మీరు మోతాదు పెంచవద్దు.

"కొంచెం" అనే మాట అందరికీ ఒకటి కాదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, గుండె బలహీనమై కాళ్ళవాపు వచ్చేవారు అప్పడాలు, పచ్చళ్ళు, చివరకు పండ్ల విషయంలో కూడా డాక్టరుగారిని అడిగిన తరువాతే తినాలి. సారాయిని, సిగరెట్టును "చిన్న సరదా" లెక్కలో నేను వేయను.

ఇక ఇంటి ఆడవారికి ఒక మాట. పిండి పట్టించి, పాకం పట్టి, మూడు రోజులు పొయ్యి దగ్గర నిలబడి, అందరూ తిన్నాక మిగిలింది తింటారు. జనవరి మొదటి వారంలో నడుము నొప్పితో, బి.పి. పెరిగి మన ఓ.పి. దగ్గర కూర్చునేది వీరే. ఈసారి రెండు రకాల పిండివంటలు తగ్గించండి. మధ్యాహ్నం ఒక గంట నడుము వాల్చండి. సాయంత్రం ఇంటిల్లిపాదీ కలిసి "మిస్సమ్మ" గాని, "గుండమ్మ కథ" గాని చూసి నవ్వుకోండి. సినిమా చూడడం భక్తికి తగదని కొందరు పెద్దలు అంటారు. వారిమీద నాకు గౌరవమే. కాని నెలల తరబడి మంచాన ఉన్న మనిషి తనవారి మధ్య కూర్చుని హాయిగా నవ్వడంలో నాకు ఏ తప్పూ కనిపించదు. మందు నొప్పిని తగ్గిస్తుంది. ఒంటరితనానికి మాత్రం మనుషులే కావాలి.

మీ ఇంట్లో కూడా మా అమ్మలాంటి పెద్దవారు ఉండవచ్చు. ఈ పండుగకు డబ్బాకు తాళం వేయకండి. సగం అరిసె మీ చేత్తోనే పెట్టండి. పక్కన కూర్చుని సినిమా చివరిదాకా చూడండి. తరువాత మందులు మరువకుండా వేయించండి.

అందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలతో,
నర్సింగ్ సూపరింటెండెంట్